టెర్మినల్‌లో అక్కరలేని షార్ట్‌కట్‌లను తొలగించడం: మీటను పట్టుకుంటున్నది ఎవరో తెలుసుకుని చేసే పని

ఒక రాత్రి పాత హార్డ్‌డిస్కులోని ఫోటోలన్నింటినీ కొత్త డిస్కులోకి ఎక్కించమని టెర్మినల్‌లో, అంటే ఆదేశాలను టైపు చేసి పని చేయించుకునే విండోలో, ఆదేశం ఇచ్చాను. అది ఒక్కో ఫైలు పేరునూ తెరపై రాసుకుంటూ పోతుండగా, పక్కన తెరిచి ఉన్న ఉత్తరాన్ని సేవ్ చేద్దామని కంట్రోల్+ఎస్ నొక్కి పడుకున్నాను. ఆ క్షణంలో ముందున్న విండో ఉత్తరానిది కాదు, టెర్మినల్‌ది. తెల్లవారి లేచి చూస్తే ఫైళ్ల జాబితా రాత్రి నేను చూసిన చోటనే నిలిచిపోయి ఉంది. కొత్త డిస్కు పాడైందేమోనని గంటసేపు కంగారుపడిన తరువాత, ఎప్పుడో చదివిన సంగతి గుర్తొచ్చి కంట్రోల్+క్యూ నొక్కాను. ఆగిన చోటి నుంచే పని మళ్లీ మొదలైంది.

అక్కరలేని షార్ట్‌కట్ అంటే అర్థమేమిటో నాకు ఆ ఉదయం తెలిసింది. కంట్రోల్+ఎస్ తెరను మాత్రమే ఆపుతుందని చాలామంది అనుకుంటారు. తెర ఆగినప్పుడు ప్రోగ్రామ్ రాసే అక్షరాలు వెళ్లే దారి నిండిపోతుంది, తరువాతి అక్షరం రాయడానికి చోటు లేక ప్రోగ్రామ్ కూడా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తెర ఆగితే పని కూడా ఆగుతుందన్న మాట.

ఈ మార్గదర్శిలో ప్రధానంగా ఉబుంటు 24.04లో ముందుగానే ఉండే గ్నోమ్ టెర్మినల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. విండోస్ టెర్మినల్, మ్యాక్, విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ లోపలి టెర్మినల్ వాడేవారికి కావలసిన తేడాలను వాటి వాటి చోట్ల చెబుతాను. ఆదేశాలను అక్షరం అక్షరంగా పలికి చూపుతున్నాను. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అవన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. ‘ఖాళీ’ అన్న చోట స్పేస్‌బార్‌ను ఒకసారి నొక్కాలి, ‘అడ్డగీత’ అంటే మైనస్ గుర్తు.

ముందుగా: మీట దాటే అయిదు అంచెలు

మనం నొక్కిన మీట తిన్నగా ప్రోగ్రామ్‌కు చేరదు. మొదట డెస్క్‌టాప్, దానితో పాటే తెలుగు వంటి భాషలు టైపు చేయించే ఇన్‌పుట్ సాధనం దాన్ని చూస్తాయి. అవి వదిలేస్తే టెర్మినల్ ప్రోగ్రామ్ చూస్తుంది. అదీ వదిలేస్తే లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో, టెర్మినల్ వ్యవహారాలు చూసే భాగం అందుకుంటుంది. దాన్నీ దాటితే మనం రాసిన ఆదేశాలను చదివి అమలు చేసే బ్యాష్ వంటి షెల్‌కు, లేదా ఆ సమయంలో షెల్ లోపల నడుస్తున్న విమ్, ఈమాక్స్ ఎడిటర్లు, ఫైళ్లు సర్దే మిడ్‌నైట్ కమాండర్ వంటి ప్రోగ్రామ్‌కు చేరుతుంది. ఏ అంచెలో ఎవరికి ఆ మీట తమదిగా అనిపిస్తే వారే దాన్ని ఉంచేసుకుంటారు, కిందివారికి అది వచ్చిన జాడ కూడా తెలియదు.

దీని నుంచి రెండు సంగతులు తేలతాయి. కెర్నెల్ పట్టుకునే కంట్రోల్+ఎస్‌ను టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో ఎంత వెతికినా దొరకదు. రెండవది మరింత ముఖ్యమైనది: ఒక అంచెలో షార్ట్‌కట్‌ను తీసేస్తే ఆ మీట పనిచేయడం మానదు, కింది అంచెకు జారుతుంది. గ్నోమ్ టెర్మినల్‌లో కాపీ చేసే కంట్రోల్+షిఫ్ట్+సీని తీసేశారనుకుందాం. అలవాటు కొద్దీ దాన్ని నొక్కినప్పుడు లోపలికి వెళ్లేది మామూలు కంట్రోల్+సీయే, ఎందుకంటే టెర్మినల్‌లు వాడే పాత సంకేత పద్ధతిలో కంట్రోల్‌తో కలిసిన అక్షరానికి షిఫ్ట్ ఉన్నా లేకపోయినా ఒకటే సంకేతం. అంటే కాపీ చేయబోయి నడుస్తున్న ప్రోగ్రామ్‌ను చంపుకుంటాం. అందువల్ల దేన్ని తీసేసే ముందైనా, అది కింద ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించాలి.

మీటను ఎవరు పట్టుకుంటున్నారో కనిపెట్టడం

బ్యాష్ ప్రాంప్ట్ దగ్గర, అంటే అది ఆదేశం కోసం ఎదురుచూసే చోట, కంట్రోల్+వీ నొక్కి వదిలి, ఆ వెంటనే మీకు అనుమానమున్న మీటను నొక్కండి. కంట్రోల్+వీ అంటే ‘తరువాత వచ్చేదాన్ని అమలు చేయవద్దు, ఉన్నదున్నట్టు చూపించు’ అని చెప్పడం. టోపీ గుర్తుతో (^) మొదలయ్యే అక్షరాలేవైనా తెరపై కనిపిస్తే, ఆ మీట డెస్క్‌టాప్‌నూ టెర్మినల్‌నూ దాటి వచ్చిందని అర్థం, పట్టుకునేవారు కెర్నెల్‌లోనో షెల్‌లోనో ఉన్నారు. అక్షరాలు రాకుండా మెనూ తెరుచుకోవడం, ట్యాబ్ మారడం వంటిది జరిగితే పైవారే పట్టుకున్నారు.

పైవారిలో డెస్క్‌టాపా, టెర్మినలా అన్నది తేల్చడానికి టెక్స్ట్ ఎడిటర్ వంటి వేరే విండోలో అదే మీటను నొక్కి చూడండి. అక్కడా అదే జరిగితే డెస్క్‌టాప్ పని. ఇక్కడ మాత్రమే జరిగితే టెర్మినల్ పని. ఈ రెండు నిమిషాల పరీక్షను దాటవేసి సెట్టింగ్స్‌లోకి దూకినవారు తప్పుడు చోట నాలుగైదు షార్ట్‌కట్‌లు చెరిపేసుకుని, అసలు సమస్య అలాగే మిగిలి ఉండటాన్ని నేను చాలాసార్లు చూశాను.

టెర్మినల్ ప్రోగ్రామ్ పట్టుకునేవి

గ్నోమ్ టెర్మినల్‌లో మెనూ తెరిచి ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లండి. ఎడమ వైపు షార్ట్‌కట్స్ అనే పుట కనిపిస్తుంది. ఏదీ మార్చక ముందే ఆ పుటను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తరువాత ఏది ఎలా ఉండేదో గుర్తుచేసుకునే అవసరం తప్పకుండా వస్తుంది. ఇప్పుడు తీసేయదలచిన వరుసలో కుడి వైపున మీటల పేరు ఉన్న చోట డబుల్‌క్లిక్ చేస్తే, కొత్త మీట నొక్కమని అడుగుతుంది. అప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఆ వరుసలో డిజేబుల్డ్ అని వస్తుంది. మనసు మార్చుకుంటే ఎస్కేప్ నొక్కితే పాతదే ఉంటుంది. డిలీట్ మీటను నొక్కితే చెరిగిపోతుందని అనుకోవద్దు, డిలీట్‌నే కొత్త షార్ట్‌కట్‌గా తీసుకునే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఏవి తీసేయాలన్నది మీరు లోపల వాడే ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుంది. నా ఎంపికలో మొదటిది కంట్రోల్+షిఫ్ట్+క్యూ. అది విండో మొత్తాన్ని, అందులోని ట్యాబులన్నింటితో సహా మూస్తుంది. ఒక్క ట్యాబును మూసే కంట్రోల్+షిఫ్ట్+డబ్ల్యూకు అది కీబోర్డులో ఆనుకునే ఉంటుంది. లోపల ఏదైనా ప్రోగ్రామ్ నడుస్తుంటే మూయాలా అని టెర్మినల్ అడుగుతుంది. ఖాళీ ప్రాంప్ట్ మాత్రమే ఉంటే అడగదు, ఉదయం నుంచి చేసిన పని తాలూకు తెరపై పంక్తులన్నీ పోతాయి. దీన్ని తీసేస్తే కిందికి జారేది కంట్రోల్+క్యూ, దానివల్ల హాని లేదు.

రెండవది ఆల్ట్‌తో 1 నుంచి 9 వరకు అంకెలు. వీటిని ట్యాబులు మార్చడానికి టెర్మినల్ తీసుకుంటుంది. ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థలో మాట్లాడుకునేవారు వాడే ఐఆర్‌ఎస్‌ఎస్‌ఐ ప్రోగ్రామ్ కూడా లోపలి కిటికీలు మార్చడానికి ఇవే మీటలను వాడుతుంది కాబట్టి, ట్యాబులు రెండో మూడో తెరిచి ఉన్నప్పుడు అది వాడేవారికి పెద్ద చికాకు. తొమ్మిది వరుసలనూ ఒక్కొక్కటిగా చెరపాల్సిందే. కంట్రోల్+పేజ్‌అప్, కంట్రోల్+పేజ్‌డౌన్ కూడా ఇలాంటివే, విమ్ తన సొంత ట్యాబుల కోసం వాటిని కోరుకుంటుంది.

ఎఫ్10 సంగతి వేరు. మిడ్‌నైట్ కమాండర్‌లోనూ, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పట్టిక చూపే హెచ్‌టాప్‌లోనూ బయటికి రావడానికి ఎఫ్10 నొక్కాలి, కాని టెర్మినల్ దాన్ని మెనూ తెరవడానికి వాడుకుంటుంది. అది షార్ట్‌కట్‌ల జాబితాలో వరుసగా ఉండదు, ప్రిఫరెన్సెస్‌లో ‘మెనూ యాక్సిలరేటర్ కీ’ని ప్రస్తావించే ఒక టిక్‌గా ఉంటుంది. ఆ టిక్ తీసేయాలి. దాని దగ్గరే ‘నెమోనిక్స్’ అని మరో టిక్ ఉంటుంది. మెనూబార్ కనిపించేలా పెట్టుకున్నవారికి ఆల్ట్+ఎఫ్ నొక్కితే ఫైల్ మెనూ తెరుచుకోవడానికి కారణం అదే. బ్యాష్‌లో ఆల్ట్+ఎఫ్ ఒక పదం ముందుకూ ఆల్ట్+బీ ఒక పదం వెనక్కూ తీసుకెళ్తాయి, పొడుగాటి ఆదేశాలు దిద్దేటప్పుడు వీటంత సుఖమైనవి లేవు. అందుకని నెమోనిక్స్‌ను తీసేయమని నేను అందరికీ చెబుతాను.

షార్ట్‌కట్స్ పుటలోనే మొత్తం షార్ట్‌కట్‌లన్నింటినీ ఒక్క దెబ్బతో ఆపే టిక్ కూడా ఉంది. దాన్ని వాడకపోవడమే మంచిది. కాపీ, పేస్టు కూడా వాటితో పాటే పోతాయి, పైన చెప్పిన కంట్రోల్+సీ ప్రమాదం ఆ క్షణం నుంచే మొదలవుతుంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌లోని టెర్మినల్ వాడేవారికి పని ఇంకా తేలిక. దాని ప్రిఫరెన్సెస్‌లోని అడ్వాన్స్‌డ్ పుటలో మెనూ అక్షరాలు, ఎఫ్10, సహాయం తెరిచే ఎఫ్1, ఈ మూడింటినీ ఆపే మూడు టిక్‌లు పక్కపక్కనే ఉంటాయి. కేడీఈ డెస్క్‌టాప్ వారి కాన్సోల్ అనే టెర్మినల్‌లో సెట్టింగ్స్ మెనూ నుంచి కీబోర్డ్ షార్ట్‌కట్‌ల పట్టికను తెరిచి, కావలసిన వరుసలోని మీటను చెరిపేయవచ్చు.

కెర్నెల్ పట్టుకునేవి: కంట్రోల్+ఎస్, దాని బంధువులు

కంట్రోల్+ఎస్‌కు ఈ పని ఎందుకు అంటుకుందో తెలిస్తే, దాన్ని నిశ్చింతగా తీసేయగలం. 1963లో వచ్చిన, టైపు చేసినదాన్ని తీగ ద్వారా పంపే టెలిటైప్ మోడల్ 33 యంత్రానికి కాగితపు టేపును చదివే సాధనం ఉండేది. అవతలి కంప్యూటర్ అందుకోలేనంత వేగంగా అక్షరాలు వస్తుంటే, టేపును ఆపమని ఒక సంకేతం, మళ్లీ నడపమని మరొక సంకేతం పంపేవారు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో ఆపే సంకేతం 19, నడిపే సంకేతం 17. కంట్రోల్‌తో ఏ ఇంగ్లీషు అక్షరాన్ని నొక్కినా అక్షరమాలలో ఆ అక్షరం ఎన్నవదో ఆ సంఖ్యే వెళుతుంది. ఎస్ 19వ అక్షరం, క్యూ 17వది. ఈ రోజు మన తెరలకు అక్షరాల వేగం తట్టుకోలేని ఇబ్బంది లేదు. పైగా బ్యాష్‌లో కంట్రోల్+ఆర్ పాత ఆదేశాలను వెనక్కి వెతికితే, అదే వెతుకులాటను ముందుకు నడిపేది కంట్రోల్+ఎస్. కెర్నెల్ దారిలోనే పట్టుకోవడం వల్ల ఆ సదుపాయం ఉందన్న సంగతే చాలామందికి తెలియకుండా పోయింది.

తీసేసే ఆదేశం ఇది: ఎస్ టీ టీ వై, ఖాళీ, అడ్డగీత, ఐ ఎక్స్ ఓ ఎన్. ప్రాంప్ట్ దగ్గర దీన్ని రాసి ఎంటర్ నొక్కి, ఆపైన కంట్రోల్+ఎస్ నొక్కి చూడండి. తెర ఆగకుండా ముందుకు వెతికే ప్రాంప్ట్ వస్తే పని జరిగినట్టే. ఈ మార్పు ఆ ఒక్క టెర్మినల్‌కే, అది మూసే వరకే ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే బ్యాష్ మొదలైనప్పుడల్లా చదివే, మీ హోమ్ ఫోల్డర్‌లోని బ్యాష్ ఆర్‌సీ ఫైలును, అంటే చుక్కతో మొదలై బి ఏ ఎస్ హెచ్ ఆర్ సి అని ఉండే ఫైలును తెరిచి, చివరి పంక్తిగా అదే ఆదేశాన్ని చేర్చండి.

చివరి పంక్తిగానే చేర్చమనడానికి కారణం ఉంది. దూరపు యంత్రం నుంచి ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు తెర ముందు మనిషి లేకుండానే షెల్ నడుస్తుంది, అక్కడ ఈ ఆదేశానికి పని చేయడానికి టెర్మినలే ఉండదు కాబట్టి తప్పు సందేశం వెలువడుతుంది, కొన్ని సందర్భాల్లో ఆ సందేశమే ఫైళ్ల బదిలీని చెడగొడుతుంది. ఉబుంటు ఇచ్చే బ్యాష్ ఆర్‌సీ ఫైలు మొదట్లోనే, మనిషి వాడని షెల్ అయితే వెనుదిరిగిపోయే కాపలా పంక్తులు ఉంటాయి. వాటి కింద రాసినది ఏదైనా క్షేమమే. జడ్‌షెల్ అనే మరో షెల్ వాడేవారు తమ ఆర్‌సీ ఫైలులో ఇదే పంక్తి రాసుకోవచ్చు, కాని అందులో కాపలా పంక్తులు మీ అంతట మీరు పెట్టుకున్నవి తప్ప ఉండకపోవచ్చు, గమనించుకోండి.

కెర్నెల్ చేతిలో ఇంకేవి ఉన్నాయో చూడాలంటే ఎస్ టీ టీ వై, ఖాళీ, అడ్డగీత, ఏ అని రాయండి. పొడుగాటి పట్టిక వస్తుంది. అందులో ఆపివేసే కంట్రోల్+సీ, పక్కన పెట్టే కంట్రోల్+జడ్, బలంగా ఆపే కంట్రోల్+బ్యాక్‌స్లాష్ అన్నీ కనిపిస్తాయి. ఎంటర్ పక్కనే ఉండే బ్యాక్‌స్లాష్ పొరపాటున తగిలే మీట. దాన్ని తీసేయడానికి ఎస్ టీ టీ వై, ఖాళీ, క్యూ యూ ఐ టీ, ఖాళీ, యూ ఎన్ డీ ఈ ఎఫ్ అని రాయాలి. అయితే జావా ప్రోగ్రామ్‌లు నడిపేవారు దాన్ని ఉంచుకోవాలి. ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుని కదలనప్పుడు ఈ మీట నొక్కితే, దాని థ్రెడ్‌లన్నీ, అంటే ఒకేసారి సాగే పని పాయలన్నీ, ఏ పంక్తి దగ్గర ఉన్నాయో తెరపై రాసిపెడుతుంది. కంట్రోల్+సీని మాత్రం ఎవరూ తీసేయవద్దు.

షెల్ పట్టుకునేవి

కంట్రోల్+డీ ఖాళీ ప్రాంప్ట్ దగ్గర నొక్కితే షెల్ ముగిసి విండో మూసుకుపోతుంది. ఫైళ్ల చివర గుర్తుగా ఇది ఇంకా ఎన్నో చోట్ల అవసరం కాబట్టి కెర్నెల్‌లో తీసేయకూడదు, షెల్‌కు మాత్రమే పట్టించుకోవద్దని చెప్పాలి. అందుకు బ్యాష్ ఆర్‌సీలో ఎస్ ఈ టీ, ఖాళీ, అడ్డగీత, ఓ, ఖాళీ, ఆపైన ఐ జీ ఎన్ ఓ ఆర్ ఈ ఈ ఓ ఎఫ్ అని కలిపి రాయండి. అప్పటి నుంచి కంట్రోల్+డీ నొక్కితే, వెళ్లాలంటే ఎగ్జిట్ అని రాయమని షెల్ గుర్తుచేస్తుంది. వరుసగా పదిసార్ల దాకా అది ఓపిక పడుతుంది.

కంట్రోల్+డబ్ల్యూ దగ్గర చాలామంది తికమకపడతారు. అది ఖాళీ వరకు ఉన్నదంతా, అంటే పొడుగాటి ఫైలు దారి మొత్తాన్ని ఒకేసారి చెరిపేస్తుంది. ఇది నచ్చనివారు బ్యాష్‌లో మీటలకు పనులు అంటించే, తీసే బైండ్ ఆదేశంతో దాన్ని తీసేస్తారు, మరుసటి ప్రాంప్ట్‌కు అది మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కారణమేమిటంటే కెర్నెల్ పట్టికలో పదం చెరిపే మీటగా ఏది ఉంటే దాన్నే బ్యాష్ ప్రతి ప్రాంప్ట్ దగ్గరా కొత్తగా తనకు అంటించుకుంటుంది. కాబట్టి ముందు కెర్నెల్ పట్టికలో తీసేయాలి: ఎస్ టీ టీ వై, ఖాళీ, డబ్ల్యూ ఈ ఆర్ ఏ ఎస్ ఈ, ఖాళీ, యూ ఎన్ డీ ఈ ఎఫ్. ఆ తరువాతే బైండ్ పనిచేస్తుంది: బి ఐ ఎన్ డి, ఖాళీ, అడ్డగీత, ఆర్, ఖాళీ, ఆపైన జంట కొటేషన్ గుర్తుల మధ్య బ్యాక్‌స్లాష్, పెద్ద సీ, అడ్డగీత, చిన్న డబ్ల్యూ. ఈ రెండు పంక్తులూ ఇదే క్రమంలో బ్యాష్ ఆర్‌సీలో ఉండాలి. దారిలోని ఒక్కొక్క ముక్కనే చెరపడానికి ఆల్ట్+బ్యాక్‌స్పేస్ ఎలాగూ ఉంది.

ఇలా చెరిపే ఉత్సాహంలో కంట్రోల్+ఎం, కంట్రోల్+ఐ, కంట్రోల్ కలిసిన చదరపు బ్రాకెట్ జోలికి మాత్రం పోవద్దు. ఎం 13వ అక్షరం, ఎంటర్ సంకేతమూ 13. ఐ 9వది, ట్యాబ్ సంకేతమూ 9. తెరిచే చదరపు బ్రాకెట్‌తో వెళ్లేది 27, అదే ఎస్కేప్. షెల్‌కు వీటి మధ్య తేడా తెలియదు కాబట్టి కంట్రోల్+ఎంను తీసేస్తే ఎంటర్ పోతుంది.

డెస్క్‌టాప్, తెలుగు టైపింగ్ సాధనాలు

డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లు ఉబుంటు సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ భాగంలో ఉంటాయి. అక్కడ కూడా వరుసను ఎంచుకుని బ్యాక్‌స్పేస్ నొక్కడమే పద్ధతి. తెలుగు టైపు చేసేవారికి మాత్రం ఇంకొక చోటు చూడాల్సి ఉంటుంది. ఎఫ్‌సీఐటీఎక్స్ అనే ఇన్‌పుట్ సాధనం వాడేవారికి భాష మార్చే మీట మామూలుగా కంట్రోల్+స్పేస్. ఈమాక్స్‌లో ఎంపిక మొదలుపెట్టే మీటా అదే. ఈమాక్స్ మాట వినడం లేదనుకుంటూ దాని సెట్టింగ్స్ తవ్వడం కంటే, ఎఫ్‌సీఐటీఎక్స్ కాన్ఫిగరేషన్‌లో ఆ మీటను తీసి ఇంకెవరూ వాడని మీటను పెట్టుకోవడం మేలు. ఐబస్ అనే మరో ఇన్‌పుట్ సాధనం వాడేవారికి ఇబ్బంది ఎమోజీ కోసం తీసుకున్న మీటలతో, యూనికోడ్ సంఖ్య కోసం తీసుకున్న కంట్రోల్+షిఫ్ట్+యూతో వస్తుంది. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లోని ఎమోజీ పుటలో రెండింటినీ ఖాళీ చేయవచ్చు.

విండోస్, మ్యాక్, విజువల్ స్టూడియో కోడ్

విండోస్ టెర్మినల్‌లో ఎక్కువమందికి అడ్డుపడేది కంట్రోల్+వీ. అది పేస్టు చేస్తుంది, విమ్‌లో అదే మీట నిలువు వరుసలుగా ఎంచుకోవడానికి కావాలి. కంట్రోల్+కామా నొక్కి సెట్టింగ్స్ తెరిచి, యాక్షన్స్ పుటలో పేస్టు అని ఉన్న వరుసల్లో కంట్రోల్+వీ ఉన్నదాన్ని మాత్రమే తొలగించి, సేవ్ నొక్కండి. పేస్టుకు కంట్రోల్+షిఫ్ట్+వీ మిగిలే ఉంటుంది. పైన చెప్పిన కంట్రోల్+వీ పరీక్ష విండోస్‌లో ఈ మార్పు చేసిన తరువాతే పనికొస్తుంది.

మ్యాక్ టెర్మినల్‌లో షార్ట్‌కట్‌లు చాలావరకు కమాండ్ మీటతో ఉంటాయి కాబట్టి లోపలి ప్రోగ్రామ్‌లతో గొడవ తక్కువ. అక్కడ అసలు లోటు ఆప్షన్ మీట ప్రత్యేక గుర్తులు రాయడం. ప్రొఫైల్స్‌లోని కీబోర్డ్ పుటలో ఆప్షన్‌ను మెటా మీటగా, అంటే ఆల్ట్‌లా, వాడమనే టిక్ పెడితే పదాలు దాటే మీటలు తిరిగి వస్తాయి.

విజువల్ స్టూడియో కోడ్ లోపలి టెర్మినల్‌లో కంట్రోల్+పీ, కంట్రోల్+ఈ, కంట్రోల్+కే వంటి వాటిని ఎడిటరే మింగేస్తుంది. ఒక్కొక్కదాన్నీ చెరపడానికి ముందు సెట్టింగ్స్‌లో సెండ్ కీబైండింగ్స్ టు షెల్ అని వెతకండి. ఆ టిక్ పెడితే ఎక్కువ మీటలు షెల్‌కే వెళతాయి. అయితే టెర్మినల్‌లో ఉండగా ఎడిటర్ షార్ట్‌కట్‌లు కొన్ని అందవు, ఆ మేరకు సర్దుకోవాలి.

దూరపు యంత్రంలో పనిచేసేటప్పుడు

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మరో యంత్రంలోకి వెళ్లినప్పుడు, మన యంత్రంలోని కెర్నెల్ మీటలను ముట్టుకోకుండా అవతలికి పంపేస్తుంది, పట్టుకునేది అవతలి కెర్నెల్. అందువల్ల ఇంటి కంప్యూటర్‌లో కంట్రోల్+ఎస్‌ను తీసేసినా సర్వర్‌లో అది అలాగే ఉంటుంది. ఆ పంక్తిని సర్వర్‌లోని మీ బ్యాష్ ఆర్‌సీలో కూడా రాయాలి. పదిమంది ఒకే ఖాతాను పంచుకునే సర్వర్ అయితే అక్కడి ఫైలును మార్చకుండా, లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆదేశాన్ని చేత్తో ఇచ్చుకోవడం మర్యాద, ఎందుకంటే వేగంగా పారే లాగ్‌ను ఆపి చదవడానికి కంట్రోల్+ఎస్‌నే నమ్ముకున్న సహోద్యోగి అక్కడ ఉండవచ్చు.